మిక్సర్‌లోకి పోయే గిటార్‌కి ఏ పెడల్? నేను ఎంచుకున్న తీరు

గిటార్ సౌండ్‌ని గరగరలాడించే, కాలితో తొక్కే డబ్బా, అదే డిస్టార్షన్ పెడల్, ఏది కొనమంటావన్నా అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే: చివరికి కేబుల్ దేంట్లో గుచ్చుతావ్? వాల్వులతో నడిచే గిటార్ ఆంప్లిఫయర్, అంటే ట్యూబ్ ఆంప్‌లోనా, ఇంట్లో ఉండే చిన్న ప్రాక్టీస్ ఆంప్‌లోనా, లేక మాలాగా సౌండ్ సిస్టమ్ వాళ్ల మిక్సర్‌లోనా? వీడియోల్లో పెడల్ రివ్యూలు చేసేవాళ్లు మంచి ట్యూబ్ ఆంప్ ముందు కూర్చుని, దానికి మైక్ పెట్టి, తీరిగ్గా రికార్డ్ చేసి వినిపిస్తారు. నల్లగొండ చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో వాయించే మాకు ఆ ఆంప్ ఉండదు. పెళ్లి రిసెప్షన్ అయినా, వినాయక మండపం అయినా, చర్చిలో క్రిస్మస్ ప్రోగ్రామ్ అయినా, స్టేజి పక్కన ఒక ఖాళీ ఛానల్ చూపించి "గిటార్ ఇండ్ల పెట్టుకో తమ్మీ" అంటారు. అక్కడి నుంచి నేరుగా రెండు పక్కలా నిలబెట్టిన టాపుల్లోకి (పై స్పీకర్లు), బేస్ బిన్లలోకి (కింది బేస్ స్పీకర్లు). నేను పెడల్స్ ఎంచుకోవడమంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరిగింది.

నా గురించి రెండు ముక్కలు. పగలు ఒక డిప్లొమా కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటాను, సీజన్‌లో రాత్రుళ్లు ఆర్కెస్ట్రా. గిటార్ మామూలు స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) కాపీ, మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చేవి, ఒక్కోదానికి ఒక్కటే తీగచుట్ట). బ్యాండ్‌లో కీబోర్డు, ఆక్టోప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్), తబలా, ఇద్దరు ముగ్గురు సింగర్లు, నేను. బేస్ గిటార్ లేదు, కీబోర్డు అన్న ఎడమ చేత్తో కానిచ్చేస్తాడు. అవకాశం ఇస్తే కుడి చేత్తో డిస్టార్షన్ గిటార్ కూడా కానిచ్చేసే రకం ఆయన, ఏదో బటన్ నొక్కి వినిపించి "ఇండ్లనే ఉంది కదరా ఆ సౌండు, నీకెందుకు పైసలు దండుగ" అని నవ్వేవాడు. ఆ బటన్‌కి తీగ వంచి స్వరం లాగడం రాదు, అరచేయి అంచుతో తీగల్ని అదిమితే వచ్చే ఆ జుగ్‌జుగ్ రాదు. అది ఆయనకూ తెలుసు, కాకపోతే నన్ను ఏడిపించడం సరదా.

మొదట చేతికొచ్చిన పెడల్ బాస్ అనే కంపెనీ డీఎస్-1. మిర్యాలగూడలో ఒక ఫ్రెండ్ ఇంట్లో ఊరికే పడి ఉంటే అడిగి తెచ్చుకున్నా. నారింజ రంగు డబ్బా, 1978లో వచ్చింది, ఇప్పటికీ తయారవుతూనే ఉంది. ఇంట్లో ఆంప్‌లో పెడితే బాగానే ఉంది, కొంచెం కీచుగా అనిపించినా టోన్ నాబ్ తగ్గిస్తే సర్దుకుంది. అదే పెడల్‌ని మండపంలో మిక్సర్‌లో పెట్టి తొక్కగానే టాపుల్లోంచి కందిరీగల గుంపు లేచినట్టు వచ్చింది. సౌండ్ ఆపరేటర్ పరిగెత్తుకొచ్చి "ఏందన్నా గీ జుర్రుమనుడు, కేబుల్ ఖరాబైందా?" అని ఇంకో కేబుల్ చేతిలో పెట్టాడు. టోన్ తగ్గించాను, డిస్టార్షన్ నాబ్ తగ్గించాను, ఆ రాత్రి మిగతా పాటలు క్లీన్‌గానే వాయించాను.

పెడల్‌లో లోపమేమీ లేదు. గిటార్ ఆంప్‌లో ఉండే పెద్ద స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు, దానికి తోడు ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) ఉండదు. డిస్టార్షన్ అంటే అసలు స్వరానికి పైన బోలెడు హార్మోనిక్స్ (దాని ఫ్రీక్వెన్సీకి రెండు, మూడు, నాలుగు రెట్లలో ఉండే స్వరాలు) పుట్టించడమే కాబట్టి, వాటిలో చెవికి గుచ్చుకునే గరగరనంతా ఆ స్పీకరే మింగేస్తుంది. స్టేజి టాపుల్లో ట్వీటర్ పని చేసే హార్న్ ఉంటుంది, పాడేవాళ్ల మాటలు చివరి వరసదాకా స్పష్టంగా వినపడాలి కదా, అందుకని అది 15,000 దాకా ఉన్నదున్నట్టు బయటపెడుతుంది, మన గరగరతో సహా. అంటే గిటార్ ఆంప్ స్పీకర్ కూడా ఒక ఎఫెక్టే అన్నమాట, ఎవరూ దాన్ని లెక్కలో వేసుకోరు.

ల్యాబ్ చేతిలో ఉంది కాబట్టి ఒక మధ్యాహ్నం పెడల్‌ని అక్కడికి తీసుకెళ్లి, ఫంక్షన్ జనరేటర్ నుంచి చిన్న సైన్ వేవ్ ఇచ్చి, అవతల సీఆర్‌ఓ (సిగ్నల్ అలని తెర మీద చూపించే యంత్రం) పెట్టి చూశాను. పెడల్ కొనే ప్రతివాడికీ ఇది ఒకసారి చూపిస్తే సగం వాదనలు తగ్గిపోతాయి. డీఎస్-1లో సిగ్నల్‌ని ముందు బాగా పెంచి, ఆ తర్వాత లైనుకీ గ్రౌండుకీ మధ్య రెండు సిలికాన్ డయోడ్లని (కరెంటుని ఒక్క వైపే పోనిచ్చేవి) ఎదురెదురుగా పెడతారు. సిగ్నల్ 0.6 వోల్టు చుట్టుపక్కలకి రాగానే డయోడ్ తెరుచుకుని పైదంతా గ్రౌండుకి తోసేస్తుంది, గుండ్రటి అల తల తెగి చదునైపోతుంది. దీన్నే హార్డ్ క్లిప్పింగ్ అంటారు, ప్రోకో ర్యాట్ కూడా ఈ పద్ధతే. ఓవర్‌డ్రైవ్ అనే మెత్తని రకం పెడల్స్‌లో అవే డయోడ్లు ఆప్-ఆంప్ (సిగ్నల్‌ని పెంచే చిప్) ఫీడ్‌బ్యాక్ దారిలో కూర్చుంటాయి, పెద్ద సిగ్నల్ వస్తే గెయిన్ (పెంచే మోతాదు) తగ్గుతుంది తప్ప తల ఒక్కసారిగా తెగదు, మూలలు కాస్త గుండ్రంగానే మిగులుతాయి. ఐబనేజ్ ట్యూబ్ స్క్రీమర్, 1981లో వచ్చిన పసుపు రంగు బాస్ ఎస్‌డీ-1 ఇలాంటివి. ఎస్‌డీ-1లో ఒక తమాషా ఉంది, ఒక వైపు ఒక డయోడ్, రెండో వైపు రెండు. అందుకని అల పైభాగం ఒకలా, కిందిభాగం ఇంకోలా తెగుతుంది. సమానంగా తెగితే బేసి హార్మోనిక్స్ వస్తాయి, ఇలా వంకరగా తెగితే సరి హార్మోనిక్స్ కూడా కలుస్తాయి. దీని గురించి పేజీలకు పేజీలు రాసేవాళ్లున్నారు గానీ, తబలా, కీబోర్డు మధ్య నిలబడి వాయించేటప్పుడు ఆ తేడా వినపడిందని ఎవరైనా అంటే నేను నమ్మను. టోన్ సర్క్యూట్ ఏ ఫ్రీక్వెన్సీని లేపుతుంది, ఏది తొక్కేస్తుంది అన్నదే వినపడుతుంది.

ఫజ్ అని మూడో రకం ఉంది, మొదట మార్కెట్లోకి వచ్చింది అదే, మేస్ట్రో ఎఫ్‌జెడ్-1 అని 1962లో. మా పాటలకి దాని అవసరం చాలా తక్కువ, అందుకని దాని జోలికి పెద్దగా పోలేదు.

కొనడానికి హైదరాబాద్ పోవాల్సిందే. గిటార్ సంచి వీపున వేసుకుని బస్సెక్కితే నార్కట్‌పల్లి దాకా నిలబడే పోయాను, ఆ తర్వాత సీటు దొరికింది. మన గిటారే ఎందుకంటే, షాపులో ఇచ్చే గిటార్‌కి హంబకర్లు (రెండు చుట్టల పికప్‌లు) ఉంటే పెడల్ లావుగా, నిండుగా వినిపిస్తుంది, ఇంటికొచ్చి మన సింగిల్ కాయిల్‌కి పెడితే సన్నగా ఉంటుంది. పికప్ అవుట్‌పుట్ ఎక్కువైతే డయోడ్లు తొందరగా తెరుచుకుంటాయి, లెక్క అంతే. షాపులో కుర్రాడు మర్యాదగానే మంచి ట్యూబ్ ఆంప్ దగ్గర కుర్చీ వేశాడు. నేను దాన్ని వద్దని, సింగర్లకి అమ్మే పవర్డ్ స్పీకర్ ఒకటి, చిన్న మిక్సర్ ఒకటి చూపించి వాటిలో పెట్టి వింటానన్నా. "సార్, అందులో పెడితే ఏ పెడలైనా చెత్తగానే వస్తుంది" అన్నాడు. ఏది తక్కువ చెత్తగా వస్తుందో చూడ్డానికే వచ్చానని చెప్తే నవ్వి, అన్నీ ఒక్కొక్కటిగా తెచ్చిపెట్టాడు. ఇలాంటి షాపువాళ్లు దొరికితే పట్టుకోవాలి.

ట్యూబ్ స్క్రీమర్‌తో మొదలుపెట్టాను. దీని పద్ధతేమిటంటే సుమారు 720 హెర్ట్జ్ కంటే కింద ఉన్న బేస్‌ని తగ్గించి క్లిప్ చేస్తుంది, పైన ట్రెబుల్‌ని కూడా కోస్తుంది, మధ్యలో గుట్ట ఒకటి మిగులుతుంది. ఆ గుట్టే దాని పేరు ప్రఖ్యాతులకి కారణం. కాకపోతే చాలామంది దాన్ని డ్రైవ్ నాబ్ దాదాపు సున్నాలో, లెవెల్ పూర్తిగా పెంచి వాడతారు, ట్యూబ్ ఆంప్‌ని ముందుకు తోసి ఆ ఆంప్ చేతే డిస్టార్షన్ ఇప్పించడానికి. మిక్సర్‌ని అలా తోస్తే క్లిప్ లైట్ వెలుగుతుంది, ఆపరేటర్ తిడతాడు. ఒంటరిగా అది ముక్కుతో పాడుతున్నట్టుంది, కానీ చెవికి గుచ్చుకోలేదు. ఎస్‌డీ-1 దానికి దగ్గరగానే ఉంది, ధర చూస్తే చాలా తక్కువ. ఆ ఒక్క రకంలో నా నిర్ణయం అక్కడే అయిపోయింది.

బాస్ వాళ్లదే బ్లూస్ డ్రైవర్ అనే పెడల్ విన్నాను. షాపు కుర్రాడి మాట మన్నించి దాన్ని ఒకసారి ట్యూబ్ ఆంప్‌లో కూడా పెట్టి విన్నాను, అబ్బ, అందులో మాత్రం అన్నిటికంటే అదే బాగుంది, మెల్లగా మీటితే క్లీన్‌గా, గట్టిగా మీటితే కరకరలాడుతూ. మిక్సర్‌లోకి మార్చగానే ఆ తెరిచినట్టుండే ట్రెబులే దానికి శత్రువైంది. బాస్ వాళ్ల మెటల్ జోన్ సంగతి వేరు. 1991 నాటి ఆ నల్ల డబ్బాని ఎగతాళి చేయని గిటారిస్టు ఉండడు, నేనూ నవ్వుతూనే తొక్కాను. కానీ దానిలో మిడ్‌ని (మధ్య ఫ్రీక్వెన్సీలని) 200 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య ఎక్కడ కావాలంటే అక్కడ లేపొచ్చు, కొయ్యొచ్చు. హై నాబ్ బాగా దించి, మిడ్‌ని కాస్త కిందికి జరిపి పెంచితే స్పీకర్లోంచి పనికొచ్చే సౌండు వచ్చింది. ఎగతాళి చేసేవాళ్లలో చాలామంది ఆ మిడ్ నాబ్ ముట్టుకుని ఉండరు. గెయిన్ మాత్రం ఎంత తగ్గించినా మా పాటలకి ఎక్కువే, పక్కన మెలోడీ పాడుతుంటే వెనక అంత గర్జన ఎందుకు.

బిగ్ మఫ్ అనే పెడల్‌లో ఒక్క స్వరం మీటి వదిలితే సాగుతూనే ఉంటుంది, ఒంటరిగా వింటే ఎవరికైనా నోరూరుతుంది. దాని టోన్ సర్క్యూట్ మిడ్‌ని గుంట తవ్వినట్టు తీసేస్తుంది, డీఎస్-1 కూడా టోన్ నాబ్ మధ్యలో ఉంటే కొంతవరకు అదే పని చేస్తుంది. మా బ్యాండ్‌లో కింద కీబోర్డు బేస్, తబలా బాయ ఉన్నాయి, పైన హై-హ్యాట్, కంజీర శబ్దాలు ఉన్నాయి. గిటార్‌కి మిగిలిన చోటు మధ్యలోనే. ఆ మధ్యనే తీసేసే పెడల్ పెడితే నేను వాయిస్తున్నట్టు నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ర్యాట్ నన్ను ఆశ్చర్యపరిచింది. దాని టోన్ నాబ్‌ని ఫిల్టర్ అంటారు, అది తిరగబడి పనిచేస్తుంది, కుడివైపు తిప్పేకొద్దీ ట్రెబుల్ తగ్గుతుంది. గడియారంలో రెండు, మూడు గంటల దగ్గర పెడితే కందిరీగలు చాలావరకు సద్దుమణిగాయి. పాత ర్యాట్‌లలో వాడిన ఎల్ఎమ్308 చిప్ చాలా నెమ్మది రకం, వేగంగా మారే సిగ్నల్‌ని అందుకోలేక పై ఫ్రీక్వెన్సీలని తనంతట తనే మెత్తబరుస్తుంది, ఇప్పటివాటిలో వేరే చిప్ వస్తోంది. ఉత్త డిస్టార్షన్ పెడల్స్‌లో మిక్సర్‌కి నేరుగా పెట్టగలిగింది ఏదంటే నా ఓటు ర్యాట్‌కే. ఆ రోజు ధర విని పక్కన పెట్టాను. క్లాన్ సెంటార్ అని ఇంకోటి ఉంది, బిల్ ఫినెగన్ అనే ఆయన 1994 నుంచి అమ్మినది, ఇప్పుడు పాతది కావాలంటే లక్షలు. దాని కాపీలు షాపులో ఉన్నా అడగలేదు, అదీ ట్యూబ్ ఆంప్ ముందు మెరిసే సరుకే.

ఇంతవరకు విన్న తర్వాత అసలు లోటు ఏమిటో తేలిపోయింది, డిస్టార్షన్ తర్వాత ఆంప్, స్పీకర్ చేసే పని ఎవరో ఒకరు చేయాలి. దానికి మూడు దారులున్నాయి. ఒకటి గిటార్ ప్రాసెసర్, జూమ్ కంపెనీవి లాంటివి, అందులో ఆంప్, క్యాబినెట్ మోడల్స్ ఉంటాయి. కొత్తగా స్టేజి ఎక్కేవాడికి నేను అదే కొనమంటాను, చవక, ఒక్క అడాప్టర్‌తో పనైపోతుంది. నాకు పాట మధ్యలో వంగి మెనూలు వెతకడం చేతకాదు, నాబ్ అయితే కాలి బొటనవేలితో కూడా తిప్పేస్తా. రెండోది ఐఆర్ లోడర్, అంటే అసలు స్పీకర్ స్వభావాన్ని కొలిచి ఫైలుగా పెట్టుకుని దాని గుండా సిగ్నల్ పంపించేది, బాగుంటుంది గానీ నా బడ్జెట్ దాటింది. మూడోది ఆంప్ సిమ్యులేటర్ పెడల్. 1989లో టెక్ 21 వాళ్ల శాన్స్ఆంప్‌తో ఈ దారి మొదలైంది, కంప్యూటర్ ఏమీ లేకుండా ఉత్త అనలాగ్ సర్క్యూట్‌తోనే ఆంప్, స్పీకర్ రెండింటి రంగూ తెస్తుంది. జోయో అమెరికన్ సౌండ్ అనే చిన్న డబ్బా ఆ దారిలోదే, పాత ఫెండర్ ఆంప్ తరహా. ఎస్‌డీ-1 ముందు, ఇది వెనక పెట్టి మిక్సర్‌లో గుచ్చి మీటగానే షాపు కుర్రాడే తల తిప్పి చూశాడు. అంతవరకు ముక్కుతో పాడిన ఎస్‌డీ-1 ఇప్పుడు తన అసలు పని చేసింది, బేస్ తగ్గించి, మిడ్ లేపి, వెనకున్న నకిలీ ఆంప్‌ని తోసింది. రెండూ కొనేశాను. బేరం కొంచెమే కుదిరింది, ఒక ప్యాచ్ కేబుల్ ఊరికే ఇచ్చాడు.

ఇక కొన్న తర్వాత వచ్చే తలనొప్పులు, రివ్యూల్లో ఎవరూ చెప్పనివి. అడాప్టర్ ముందు. ఈ పెడల్స్‌కి కావాల్సింది 9 వోల్టులు, పిన్ను మధ్యలో నెగటివ్. ఇంట్లో రౌటర్‌కి, సీసీ కెమెరాకి వాడే అడాప్టర్లలో ఎక్కువ భాగం మధ్యలో పాజిటివ్, పైగా 12 వోల్టులు, పిన్ మాత్రం సరిపోయినట్టే ఉంటుంది. గుచ్చితే పెడల్ పలక్కపోవడం అదృష్టం, కాలిపోవడం మామూలు. అడాప్టర్ మీద చిన్న బొమ్మ ఉంటుంది, చుక్క, దాని చుట్టూ అర్ధవృత్తం, చుక్కకి మైనస్ గుర్తు ఉందో లేదో చూసి పెట్టాలి. ఎస్‌డీ-1 పది మిల్లీఆంపులు కూడా లాగదు, 9 వోల్టుల బ్యాటరీతోనే చాలా ప్రోగ్రాములు నడుస్తాయి, కాకపోతే ఇన్‌పుట్‌లో జాక్ పెట్టి ఉంచితే పెడల్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ప్రోగ్రామ్ మధ్య భోజనాలకి లేచినప్పుడు జాక్ పీకేసి లేవాలి.

తర్వాతది మిక్సర్ ఇన్‌పుట్. గిటార్ పికప్ తన ముందు సుమారు పది లక్షల ఓమ్ల ఇన్‌పుట్ ఉంటుందని అనుకుని తయారైంది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ సాధారణంగా పది, ఇరవై వేల ఓమ్లే, గిటార్ నేరుగా పెడితే ట్రెబుల్ చచ్చిపోయి దుప్పటి కప్పినట్టవుతుంది. బాస్ పెడల్స్‌లో బఫర్ (సిగ్నల్ బలహీనపడకుండా కాపాడే చిన్న సర్క్యూట్) ఉంటుంది, ఆఫ్‌లో ఉన్నా అది పనిచేస్తూనే ఉంటుంది, అందుకని ఆ గొడవ నాకు తీరిపోయింది. ట్రూ బైపాస్ (ఆఫ్ చేస్తే సిగ్నల్ సర్క్యూట్‌ని తాకకుండా నేరుగా పోవడం) అని గొప్పగా చెప్పుకునే పెడల్స్ ఆఫ్‌లో ఉంటే మళ్లీ గిటార్ మిక్సర్‌తో నేరుగా తలపడాలి, మా పరిస్థితికి ఆ గొప్ప పనికిరాదు. స్టేజి నుంచి మిక్సర్ చాలా దూరంలో ఉంటే డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని పొడవాటి మైక్ కేబుల్‌కి తగ్గట్టు మార్చే డబ్బా) అడగండి, మంచి సౌండ్ సిస్టమ్ వాళ్ల దగ్గర ఉంటుంది, అడిగితేనే తీస్తారు.

హమ్ సంగతి మాత్రం పూర్తిగా తీరేది కాదు. సింగిల్ కాయిల్ పికప్, డెకరేషన్ సీరియల్ లైట్లు, పక్కనే జనరేటర్, దాని మీద ఓవర్‌డ్రైవ్ తొక్కితే పాట కంటే ముందు బుయ్యిమనే వస్తుంది. గిటార్ పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిరిగితే ఒక దిక్కున తగ్గుతుంది, సౌండ్ చెక్‌లోనే ఆ దిక్కు కనిపెట్టి నిలబడతాను. నా గిటార్‌లో మధ్య పికప్ తిరగేసి చుట్టింది, అందుకని స్విచ్ రెండో, నాలుగో స్థానంలో పెడితే రెండు పికప్‌లు కలిసి హమ్ కొట్టేసుకుంటాయి. తీగలు ముట్టుకోగానే హమ్ తగ్గడం మామూలే. తీగలు పట్టుకుని మైక్‌కి పెదవి తగిలినప్పుడు చురుక్కుమంటే మాత్రం ఎర్తింగ్ లేదని అర్థం, అప్పుడు వాయించకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. హమ్ పోతుందని మూడో పిన్ విరిచేసేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని వద్దు, డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉండేది అందుకే.

ఇప్పుడు నా సెట్టింగ్స్ ఇవీ: ఎస్‌డీ-1 డ్రైవ్ పది గంటల దగ్గర, టోన్ పదకొండు, లెవెల్ రెండు. అమెరికన్ సౌండ్ ఎప్పుడూ ఆన్‌లోనే, డ్రైవ్ తొమ్మిది, హై పది, మిడ్ ఒంటిగంట, వాయిస్ మధ్యలో. క్లీన్ కావాలంటే ఎస్‌డీ-1 ఆపేస్తాను, కొంచెం కరకర కావాలంటే ఆపకుండా గిటార్ వాల్యూమ్ ఆరుకి దించుతాను. కార్డ్స్ వాయించేటప్పుడు మూడో స్వరం వదిలేసి సా, పా మాత్రమే మీటుతాను, డ్రైవ్ ఎక్కువున్నప్పుడు గాంధారం కలిస్తే స్వరాలన్నీ ఒకదానితో ఒకటి గొడవపడి బురదవుతాయి. ఆపరేటర్‌కి చెప్పేవి రెండే మాటలు, నా ఛానల్‌లో హై నాబ్ కాస్త దించు, ఈకో వెయ్యకు. మొదటిది వింటారు. రెండోది నల్లగొండ జిల్లాలో ఇంతవరకు ఎవరూ వినలేదు, సింగర్‌కి వేసిన ఈకో గిటార్‌కి వెయ్యకపోతే వాళ్ల మనసు ఒప్పదు.

సూర్యాపేటలో ఒకతను పాత ర్యాట్ అమ్ముతానని కబురు పెట్టాడు, లోపల చిప్ మీద నంబర్ చూడాలంటే అడుగు మూత విప్పాలి, దానికి ఒప్పుకుంటాడో లేదో వచ్చే ఆదివారం పోయి చూడాలి. స్క్రూడ్రైవర్, నా గిటార్, ఆ అమెరికన్ సౌండ్ డబ్బా మూడూ తీసుకునే పోతాను.